మూడు పచ్చ దీపాలు

2023 ఎండాకాలం. ఆదోనిలోని నా ఎలక్ట్రానిక్స్ రిపేరు దుకాణానికి పత్తి మిల్లుల కంట్రోల్ ప్యానెళ్లు, కాటా మిషన్లు, ఇన్వర్టర్లు వస్తుంటాయి. విమానం రావడం మాత్రం అదే మొదలు.

తెచ్చినవాడు ఎమ్మిగనూరు నేత కుటుంబానికి చెందిన వీరేష్. డిగ్రీ ముగించాడు. ఒక ప్లైవుడ్ పలకను కౌంటరు మీద పెట్టాడు. దాని నిండా స్విచ్‌లు, తిప్పే నాబ్‌లు, మధ్యలో ఒక లివరు.

"ఏ మిల్లు ప్యానెలప్పా ఇది?" అన్నాను.

"మిల్లుది కాదు బాషన్నా, ఇమానానిది. ఇంట్లో కాక్‌పిట్ కడతాండాను."

నవ్వబోయి ఆగాను. పలక మీద స్విచ్‌ల పేర్లు పెన్సిల్‌తో శ్రద్ధగా రాసి ఉన్నాయి. కంప్యూటర్లో సిమ్యులేటర్ అనే ప్రోగ్రాం ఉంటుంది, తెర మీద ఆకాశం, రన్‌వే కనిపిస్తాయి. దాన్ని కీబోర్డుతో కాకుండా నిజమైన స్విచ్‌లతో నడపాలంటే మధ్యలో మైక్రోకంట్రోలర్ కావాలి. అరచేతిలో పట్టే బోర్డు మీద ఉండే చిప్ అది. ఏ స్విచ్ నొక్కారో, ఏ లివరు ఎంత జరిగిందో చదివి కంప్యూటరుకు చెబుతుంది. కంప్యూటరు ఇచ్చిన జవాబును దీపాలుగా వెలిగిస్తుంది. మన మిల్లు ప్యానెల్లో జరిగేదీ దాదాపు అదే.

వీరేష్‌కు అది ఆట కాదు. పైలట్ శిక్షణకు పోవాలని తీర్మానించుకున్నాడు. అందుకోసం వాళ్ల నాన్న గోనెగండ్ల దగ్గరున్న చేనును బేరం పెట్టాడు. "ఆడికి పోయేలోపల సేతులకు అలవాటు కావాలన్నా. అందరూ ఇంగ్లీషు పిల్లోళ్లు ఉంటారు" అనేవాడు.

మొదటి బోర్డు కాల్చుకుని వచ్చాడు. చూస్తే సప్లై వైర్లు తారుమారు. ఎర్ర వైరు ఉండాల్సిన చోట నల్లది, నల్లది ఉండాల్సిన చోట ఎర్రది. కొత్తవాళ్లు తొందరలో చేసే పనే. రెండో బోర్డుకూ అదే గతి పట్టింది.

"కండ్లు యాడ పెట్టుకుని కలిపినావప్పా?" అన్నాను.

"సరిగానే కలిపినాననుకుంటి అన్నా" అని తల దించుకున్నాడు.

మూడో బోర్డుకు సప్లై నేనే కలిపి ఇచ్చాను. మిగతాదంతా తానే కలుపుకున్నాడు. స్విచ్ వైర్లను ఎటు కలిపినా పనిచేస్తాయి గనుక ఏ ఇబ్బందీ రాలేదు. అంతా అయ్యాక, ఒకసారి వచ్చి చూడమని పిలిచాడు.

కాక్‌పిట్ వాళ్ల అమ్మవైపు తాత మగ్గం గదిలో ఉంది. గుంట మగ్గం తీసేసినా గుంతను పూడ్చలేదు. గుంత అంచు మీద సీటు, లోపల ఒకప్పుడు తాత కాళ్లతో తొక్కిన చెక్కల చోట విమానాన్ని పక్కకు తిప్పే పెడల్స్. పక్క గదిలో ఇప్పుడు నడుస్తున్న మగ్గం చప్పుడు. కూలికి నేసేవాళ్ల ఇంట్లో అలాంటి వస్తువు ఉంటుందని నేను అనుకోలేదు.

"వారం నుంచి ఈడనే అన్నం తింటాండాడు. ఆ సీటుకు ఉరుకుంద ఈరన్న సామి బొట్టు కూడా పెట్టినాను" అంది వాళ్లమ్మ శంకరమ్మ, నవ్వుతూ.

వీరేష్ కూర్చుని విమానాన్ని లేపాడు. చక్కగా నడిపాడు. దిగే సమయానికి లివరును కిందికి నొక్కాడు. అది ల్యాండింగ్ గేర్, అంటే చక్రాలను దించే లివరు. చక్రాలు దిగి గట్టిగా పట్టుకున్నాయని చెప్పడానికి మూడు పచ్చ దీపాలు వెలగాలి. పట్టుకోకపోతే ఎర్రవి. ఒకే బల్బులో రెండు రంగులూ వచ్చే ఎల్ఈడీలు అవి. ఏ రంగు రావాలన్నది వైర్లు కలిపినదాన్ని బట్టి ఉంటుంది.

దీపాలు వెలిగాయి. రెండు ఎర్రవి, ఒకటి పచ్చ.

"త్రీ గ్రీన్" అని గట్టిగా చెప్పి, వీరేష్ విమానాన్ని దించేశాడు.

నిజమైన విమానమైతే ఆ క్షణంలో మళ్లీ పైకి లేపాలి.

"ఆ మూడూ ఒకే మాదిరి ఉండాయా?" అని అడిగాను.

"రెండు కొంచెం మబ్బుగా ఉండాయన్నా. రెసిస్టరు తేడా ఏమో."

సంచిలోంచి రెండు వైరు ముక్కలు తీసి చూపించాను. "ఇందులో ఎర్రది ఏది?"

కాసేపు చూసి పచ్చ వైరును పట్టుకున్నాడు.

"పెద్దాయనతో ఎగతాళి ఏందిరా?" అని కసిరింది శంకరమ్మ. వాడు నవ్వలేదు. ఆమె నావైపు తిరిగింది. "వాడు నూలు తీయడంలో ఒక్కనాడూ తప్పు సేయలేదప్పా. సూడు కావాలంటే" అని ఎర్ర చిలపనూ పచ్చ చిలపనూ తెచ్చి కొడుకు ముందు పెట్టింది. చిలపంటే నూలు కట్ట. వీరేష్ రెండింటినీ తడిమి, ఏది ఏదో సరిగ్గా చెప్పాడు.

అప్పుడు చూశాను. చిలపలు కట్టిన దారానికి ముడులున్నాయి. ఎర్రదానికి ఒకటి, పచ్చదానికి రెండు.

"ఈ ముడులేందమ్మా?"

"మా నాయన పెట్టిన పద్ధతి. గుంతలో ఎలుతురు సాలదు, సేత్తో తడిమితేనే రంగు తెలియాల అనేవాడు. అద్దకం నుంచి రాంగానే మా అమ్మ ముడులు ఏసి ఇచ్చేది. ఇప్పుడు నేను ఏస్తాండాను."

ముడులను నా గుప్పిట్లో దాచి రెండు చిలపలనూ వీరేష్‌కు మూడుసార్లు చూపించాను. ఒకసారి సరిగ్గా చెప్పాడు, రెండుసార్లు తప్పాడు.

శంకరమ్మ గుంత అంచు మీదే కూలబడింది. కొడుకును చూడలేదు. చిలపలను ఒళ్లోకి తీసుకుని ముడులను తడిమింది.

"అయితే మా నాయన..." అంది. "బతుకంతా ఎర్రంచు సీరలు నేసినాడే. ఊరంతా మెచ్చుకునిరే. ఆయప్పకు ఆ ఎరుపు కనపడనే లేదా?"

వీరేష్ తెర ఆపేశాడు.

"పైలట్ మెడికల్లో రంగులు సూస్తారన్నా" అన్నాడు మెల్లగా. "సదివినాను. అది నాకని అనుకోలేదు."

చేను రిజిస్ట్రేషను ఆ మరుసటి వారమే. మెడికల్ దాని తర్వాత. కర్నూలులో కంటి డాక్టరుకు చూపించి వచ్చే దాకా బేరం ఆపమని చెప్పాను. ఎరుపు పచ్చల తేడా తెలియని లోపమేనని, ఎరుపు వాడికి నలుపులా మబ్బుగా కనిపిస్తుందని డాక్టరు నిర్ధారించాడు. ఇది చాలాసార్లు అమ్మవైపు తాత నుంచి, తల్లి ద్వారా మనవడికి వస్తుందట. తల్లికి ఏమీ తెలియదు, ఆమె రంగులన్నీ చూస్తుంది. చేను నిలిచింది. శిక్షణ మాట ఆ ఇంట్లో మళ్లీ రాలేదు.

వానలు మొదలయ్యాక వీరేష్ దుకాణానికి వచ్చాడు. ఆ గదిలోకి పోక చాలా రోజులయిందన్నాడు.

"గేర్ లైట్లు మార్చాలన్నా. ఎర్ర రావాల్సినప్పుడు ఆరి ఆరి వెలగాల. పచ్చ నిలకడగా ఉండాల. ఐతాదా?"

"నీకు లైసెన్సు ఇచ్చేవాళ్లు దీన్ని ఒప్పుకోరప్పా."

"నా ఇంట్లో నన్నెవరు అడుగుతారు? మా తాతకు ముడులు పెట్టినట్టు నాకూ ఒకటి పెట్టు."

ప్రోగ్రాంలో నాలుగు వరసలు మారిస్తే అయిపోయింది. తప్పు కలిపిన వైర్లనూ సరిచేశాను. ఎమ్మిగనూరు పోయి సీటు పక్కన నిలబడ్డాను. వాడు లివరు దించాడు. దీపాలు ఆరి ఆరి వెలిగాయి. వాడు కాచుకున్నాడు. తర్వాత మూడూ ఒక్కొక్కటిగా నిలకడగా వెలిగాయి.

"త్రీ గ్రీన్" అన్నాడు. ఈసారి చూసి చెప్పాడు.

ప్రతి స్విచ్‌నూ మీటరు పెట్టి పరీక్షించడం నా వృత్తి. సీటులో కూర్చున్న మనిషికి ఆ దీపం ఎలా కనిపిస్తుందో అడగాలని అంతవరకూ నాకు తోచలేదు. ఇప్పుడు నా దుకాణం నుంచి పోయే ప్రతి ఎర్ర సప్లై వైరుకూ ఒక ముడి ఉంటుంది.