వెనక నుంచి పిలవని ఇల్లు

ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ వెనక నుంచి పిలిచేవాళ్లు కారు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లేముందు గుమ్మం దగ్గర ఆగి, "వస్తున్నా" అని మెల్లగా చెప్పి, ఆ తర్వాతే అడుగు పెట్టేవాళ్లు. కుర్చీల కాళ్లకు బట్టపేలికలు చుట్టి ఉండేవి. గిన్నెలు మడతపెట్టిన దుప్పటి మీద బోర్లించి ఉండేవి. కాలింగ్ బెల్ తీగ ఎవరో ఎప్పుడో కోసేశారు.

కొత్తగా కాపురానికి వచ్చిన కోడలికి ఇదంతా వింతగా ఉండేది. ఒకరోజు భర్త ఖాళీ గదిలోకి వెళ్తూ కూడా "వస్తున్నా" అన్నాడు. ఆమె గదిలోకి తొంగి చూసింది.

"ఎవరికి చెప్తున్నారండీ? లోపల ఎవరూ లేరుగా!"

"అలవాటు," అన్నాడతను. కళ్లద్దాల దుకాణంలో పని చేస్తాడు. మాటలు తక్కువ. "అమ్మకు చప్పుళ్లు పడవు."

అత్తగారు దర్జీ దుకాణాలకు కాజాలు కుట్టేది. రెండు గోడలు కలిసే మూలలో, వీపు ఆనించి, గుమ్మం వైపు తిరిగి నేల మీదే కూర్చునేది. పక్కన చొక్కాల కట్ట. ఇంట్లో గంటల తరబడి వినిపించేది బట్టలోంచి దారం లాగే చప్పుడొక్కటే. ఎవరైనా ఆ మూల వైపు నడిస్తే సూది ఆపి, వాళ్లు కూర్చునేదాకా రెప్ప వెయ్యకుండా చూసేది. వీధి పిల్లలు ఆమెను కొయ్యమ్మ అనేవారు. ఎందుకో కోడలికి ఎవరూ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం తనే చూసింది. అత్తగారు చొక్కాలు చేత్తో పట్టుకుని హాలు దాటుతుండగా గాలికి కిటికీ రెక్క ఠపీమని కొట్టుకుంది. ఆమె పడిపోయింది. మోకాళ్లు వంగలేదు. చేతులు అడ్డం రాలేదు. నిలబెట్టిన చెక్కపలకను తోసినట్టు అలాగే నేలకు కొట్టుకుంది. గడ్డం చిట్లి రక్తం కారుతోంది. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. అవి కోడలినే చూస్తున్నాయి.

కాసేపటికి ఒళ్లు వదులైంది. "భయపడ్డావా అమ్మాయ్?" అంది, కొంగుతో గడ్డం అదుముకుంటూ.

"తెలివి తప్పిందేమో అనుకున్నానత్తయ్యా."

"తప్పితే బాగుండు. అన్నీ తెలుస్తూనే ఉంటాయి. నేల నా మీదికి వస్తుంటే చూస్తూనే ఉంటా. చేతులు అడ్డం పెట్టుకోవాలనుకుంటా. అవి నా మాట వినవు."

ఆ రోజు ఆమె చాలా చెప్పింది. బడిలో పంతులు బల్ల మీద బెత్తంతో కొడితే పడిపోయిందట. దెయ్యం పట్టిందన్నారు. మూర్ఛ అని మందులిచ్చారు, ఒక్కటీ పనిచెయ్యలేదు. పడి ఉన్న ఆ కాసేపట్లో జనం తన మీదుగా మాట్లాడుకున్నవన్నీ వింది. "పోయినట్టుందే" అని ఒకరంటే, "పోతే పోయింది, పీడా వదిలింది" అన్న గొంతు సొంత పిన్నిది. బెల్ తీగ కోసింది ఆమె భర్త. ఆయన పోయినప్పుడు కూడా వచ్చినవాళ్లంతా ఆమె పడిపోతుందని నోట్లో గుడ్డలు కుక్కుకుని ఏడ్చారు. అంతమంది ఉన్న ఇల్లు చీమ చిటుక్కుమంటే వినిపించేట్టు ఉందట.

"మీ ఆయనక్కూడా కొంచెం ఉంది. వాడు చెప్పడు," అంది చివర్లో.

కోడలికి ఆడపిల్ల పుట్టింది. ఎత్తుకుంటే కర్రలా బిగిసి ఉండేది, పిడికిళ్లు విప్పేది కాదు. ఒకరోజు స్నానం చేయిస్తుండగా చెంబు జారి గచ్చు మీద ఖంగుమంది. పాప నిలువునా బిగుసుకుంది. ఊపిరి ఆగింది. పెదవులు నీలంగా మారుతున్నాయి. తల్లి కెవ్వున అరిచింది. ఆ అరుపుకు, పరుగున వస్తున్న అత్తగారు గుమ్మంలోనే కొయ్యలా కూలిపోయింది.

చేతుల్లో ఒకరు, గుమ్మంలో ఒకరు. ఇద్దరూ కళ్లు తెరుచుకునే ఉన్నారు. కదలిక లేదు.

ముందు అత్తగారి నోరు వదులైంది. "మడువు! తల గుండెకు ఆనించు. కాళ్లు పొట్టలోకి మడిచి పట్టు. మా అమ్మ నన్ను అలాగే మడిచేది!"

కోడలు ఆ చిన్న ఒంటిని ఉండలా చుట్టి పట్టుకుంది. ఏదో తెగినట్టు బిగువు సడలింది. పాప గుక్కపట్టి ఏడ్చింది.

ఆ సాయంత్రమే ఆసుపత్రికి పరుగెత్తారు. నరాల డాక్టరమ్మ జరిగిందంతా విని, "మంచి పని చేశారు, అలాగే మడవాలి," అంది. తర్వాత పాప ముక్కు మీద వేలికొనతో సుతారంగా తట్టింది. తల గిరుక్కున వెనక్కి పోయింది. మళ్లీ తట్టింది. మళ్లీ అంతే. ఎన్నిసార్లు తట్టినా అలవాటు పడటం లేదు. అడిగి, నానమ్మ ముక్కు మీద తట్టింది. తర్వాత తండ్రి ముక్కు మీద. మూడు తలలూ ఒకే తీరుగా, ఒకే దారంతో లాగినట్టు వెనక్కి వెళ్లాయి.

"ఒక నరానికీ ఇంకో నరానికీ మధ్య సన్నటి సందు ఉంటుందమ్మా," అంది డాక్టరమ్మ. "కబురు ఆ సందు దాటాలంటే ఇవతలి నరం ఒక రసాయనం వదులుతుంది. అవతల దాన్ని అందుకునే గ్రాహకాలుంటాయి, చిన్న తలుపుల్లాంటివి. కొన్ని కబుర్లు 'కదులు' అంటాయి, కొన్ని 'ఆగు' అంటాయి. అందరూ ఉలిక్కిపడతారు. వెంటనే 'ఆగు' అనే కబురు అంది సర్దుకుంటారు. వెన్నుపాములో ఆ కబురు మోసేది గ్లైసిన్ అనే రసాయనం. మీ ఇంట్లో దాన్ని అందుకునే తలుపు పుట్టుకతోనే సరిగ్గా తెరుచుకోదు. అందుకే ఒళ్లంతా ఒక్కసారి బిగుస్తుంది. దెయ్యం కాదు, మూర్ఛా కాదు."

"నా నోటికి బ్రేకుల్లేవని మా ఆయన అనేవాడు," అంది అత్తగారు. "ఒంటికీ లేవన్నమాట!"

డాక్టరమ్మ నవ్వింది. "ఆ తలుపును బాగుచెయ్యలేం. కానీ 'ఆగు' అని చెప్పే రసాయనం ఇంకోటుంది, దానికి వేరే తలుపులున్నాయి. ఈ మాత్ర వాటిని ఇంకాస్త బాగా తెరుచుకునేలా చేస్తుంది."

మాత్రలు పనిచేశాయి. పాప ఒళ్లు మెల్లమెల్లగా మెత్తబడింది. పాప బోర్లాపడింది, పాకింది. అవే మాత్రలు వేసుకున్న అత్తగారికి కాస్త మత్తుగా ఉండేది, అంతే. ఒకనాడు వంటింట్లో పళ్లెం పడింది. ఆమె పడలేదు. కొంచెం ఉలిక్కిపడి, సూది పట్టుకున్న చేతిని చాలాసేపు అలాగే చూసుకుంది.

"ఏమైందత్తయ్యా?"

"ఏం కాలేదు. అదే భయంగా ఉంది. ఇన్నాళ్లూ నాలో ఎవరో కాపలా కూర్చున్నట్టుండేది. లేచి వెళ్లిపోయినట్టుంది."

తర్వాత కొన్నాళ్లు ఆమె నిద్రలో ఎవరితోనో మాట్లాడేది. పొద్దున అడిగితే గుర్తులేదనేది.

ఎండాకాలం చివర ఒకరోజు చెప్పకుండా బయటికి వెళ్లింది. వీధిలో ఎప్పుడు నడిచినా గోడ పట్టుకునే నడిచే మనిషి. కోడలు పాపను చంకన వేసుకుని వెతుక్కుంటూ వెళ్లింది. ఊరి చివర లారీలు ఆగే ఖాళీ మైదానం నట్టనడుమ అత్తగారు కనిపించింది. చుట్టూ ఎక్కడా గోడ లేదు, చెట్టు లేదు. లారీలు హారన్లు కొడుతున్నాయి. ఆమె చేతులు ఒంటికి అంటుకుని ఉన్నాయి. కదలడం లేదు.

కోడలు పరుగెత్తి, చుట్టూ తిరిగి ఎదుటికి వచ్చింది. "అత్తయ్యా! బిగుసుకుపోయారా? కూర్చోండి, పట్టుకుంటాను!"

అత్తగారు మెల్లగా తల తిప్పి చూసింది.

"లేదే పిచ్చిదానా," అంది. "ఊరికే నిలబడ్డా."