ఇరవై నుంచి వందకు

తుఫాను వెళ్ళిపోయాక ఉద్దానంలో పరిహారం కోసం పడిపోయిన చెట్ల నమోదు మొదలైంది. రైతులు దగ్గరి కేంద్రానికి వెళ్ళి కాగితాలు చూపిస్తే, అక్కడి ఉద్యోగి వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించాలి. అవన్నీ వచ్చి చేరే సర్వర్‌ను చూసుకునే పని నాది. టెక్కలిలో ఒక మేడమీది గదిలో కూర్చునేదాన్ని.

ఒక్కో నమోదును అందుకుని దాచడానికి సర్వర్లో ఒక్కో ప్రాసెస్ పనిచేయాలి. ఒకేసారి ఎన్ని నడవచ్చో ఒక ఫైల్లో రాసి ఉంటుంది. ఇరవై అని రాసింది నేనే. మాకిచ్చిన మెషీను చిన్నది, అంతకుమించి మోయలేదు. ఇరవై ఒకటో మనిషి ఆగాల్సిందే. ఎక్కువసేపు ఆగితే మళ్ళీ మొదటినుంచి.

ఆఖరి రోజు నాలుగు కావస్తుండగా మా పెద్దమ్మ పూండి కేంద్రం నుంచి ఫోన్ చేసింది. పెదనాన్న పోయాక జీడితోట, కొబ్బరిచెట్లు ఒక్కర్తే చూసుకునేది. గాలికి దాదాపు అన్నీ కూలిపోయాయి.

"ఏటే అమ్మా, మూడ్రోజులై ఈ లైన్లోనే నిల్సున్నాను. ఆ మేడమ్ నొక్కుతంది, అది తిరుగుతంది. నువ్వక్కడే ఉన్నావు గదా, ఏటీ సెయ్యలేవా?"

విశాఖలో ఉన్న మా సారుకి ఫోన్ చేశాను. "ముట్టుకోకు. మెల్లగానైనా నడుస్తోంది కదా" అన్నారు.

నడుస్తోంది. కానీ సాయంత్రం ఐదుకి నమోదు మూసేస్తారు. ఎదురుగా తెరమీద ఆగినవాళ్ళ సంఖ్య పెరుగుతూనే ఉంది. ఇరవై కొట్టేసి వంద రాశాను.

పది నిమిషాలు అద్భుతంగా సాగింది. కేంద్రాలవాళ్ళు వరసగా ఫోన్ చేసి సంతోషపడ్డారు. పెద్దమ్మ కూడా చేసింది. "అయిపోనాది! 'స్వీకరించాం' అని వచ్చిందంట. ఆటో ఎక్కుతన్నాను. సల్లగుండు తల్లీ."

ఆ ఫోన్ పెట్టేసిన కాసేపటికి మెమరీ నిండిపోయింది. వంద ప్రాసెస్‌లూ ఒకదాన్నొకటి తోసుకుని, చివరికి నమోదులు దాచే డేటాబేస్ కూడా బిగుసుకుపోయింది. ఏ కమాండు కొట్టినా పలకలేదు. మెషీన్ ఆపి మళ్ళీ లేపాను. అది లేచి, సగంలో ఆగిన నమోదులన్నీ రద్దు చేసి, సిద్ధమయ్యేసరికి ఐదు దాటింది. పైవాళ్ళు నమోదు మూసేశారు.

అప్పుడు పెద్దమ్మ పేరు వెతికాను. లేదు. ఆ పది నిమిషాల్లో 'స్వీకరించాం' అని తెరమీద వచ్చినవి చాలావరకు మెమరీలో వరసకట్టాయంతే, డేటాబేస్‌లో పడనేలేదు. ఇరవై దగ్గరే వదిలేసి ఉంటే ఆమెకి దక్కేదో లేదో తెలియదు. మిగతావాళ్ళలో కొందరికైనా దక్కేది.

మర్నాడు పొద్దున్నే ఊరెళ్ళాను. పెద్దమ్మ తోటలో విరిగిన కొమ్మలు పక్కకి లాగుతోంది. చెప్పాను. మెమరీ, ప్రాసెస్‌లు, ఏవేవో చెప్పాను. అంతా ఓపిగ్గా విని అడిగింది.

"అయితే నా సెట్లు పడిపోనేదనా?"

"పడినట్టు రాసిలేదు పెద్దమ్మా."

"ఇదిగో, పడే ఉన్నాయి గదే. నువ్వు సూడు."

చూడలేకపోయాను.

అర్జీలు పెట్టాం. సర్వర్లో లోపం జరిగిందని నేనే కాగితం రాసి సంతకం చేసిచ్చాను. తీసుకున్నారు. జవాబు రాలేదు. రెండోసారి వెళ్తే ఆ పోర్టల్ మూసేశారన్నారు. సారు నన్ను తిట్టలేదు, ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. తీసేసి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

ఇప్పుడు పెద్దమ్మ రోజూ పూండిలో రైలెక్కి పలాస వెళ్తుంది, జీడి ఫ్యాక్టరీలో పిక్కలు ఒలవడానికి. తన తోట పిక్కలు అమ్ముకున్న మనిషి. కొత్త మొక్కలు కాపుకొచ్చేదాకా తను ఉంటుందో లేదోనని నాటలేదు. మొన్న పలాస స్టేషన్లో కనబడితే వేళ్ళు చూశాను, జీడి రసానికి చర్మం నల్లబడి పొట్టు లేచిపోయింది. నా చూపు కనిపెట్టి చేతులు చీరకొంగులో దాచుకుంది.

"అన్నం తిన్నావేటే?" అని అడిగింది.

తిన్నానన్నాను. రైలొచ్చింది, ఎక్కి వెళ్ళిపోయింది.