ఎలుకలకు సల్లగాలి

నేను, నా యారాలు ఒక్కింటి కోడండ్లం. శామీర్‌పేట అంగూరు తోటలకు కలిసే కూలికి పోతుంటిమి. తోటలు కొట్టేసి ప్లాట్లు జేసినంక ఆమెకు తుర్కపల్లిల మందుల కంపెనీల పని దొరికింది. నాకు దొరకలే. పొద్దుగాల కంపెనీ బండి మా ఇంటి ముంగట హారన్ కొడ్తె నా కడుపు మండేది. నేనేమో ఎండల ఇటుకలు మొయ్యవోతుంటి.

ఒక ఎండకాలం కరెంటు పోయి ఇంట్ల అందరం ఉడికిపోతున్నం. పిల్లలకు ఇసురుకుంట యారాలును అడిగిన, "మీ కంపెనీల గూడ గిట్లనే పోతదా?"

"పోతె జనరేటర్ ఏస్తరక్కా. ఆడ ఎలుకలుంటయి, మందులు ముందుగాల వాటికిచ్చి సూస్తరు. జర ఉడుకైనా తట్టుకోవు" అన్నది.

అప్పటిదాంక యారాలును జూసి కుళ్లుకుంటి. ఆ దినం సంది ఎలుకలను జూసి కుళ్లుకున్న.