దొరసానిలో పక్క సీటు

ఎనిడ్ ట్రాంటర్ అరవై మూడో ఏట కారు నడపడం నేర్చుకుంటానని బయల్దేరితే, కిడ్డర్‌మిన్‌స్టర్‌లో వాళ్ళ వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. పక్కింటి ఆలివ్ అయితే కంచె మీదుగా మొహం మీదే అనేసింది.

"ఇప్పుడెందుకే నీకీ సరదా? మోకాళ్ళు మెట్లెక్కనని మొరాయిస్తుంటే నువ్వు కార్లెక్కుతావా?"

"మా క్లిఫ్‌ని ఒక్కసారి క్లెంట్ కొండకి తీసుకెళ్ళాలే. ఆదివారం పూట, ఎప్పట్లాగే," అంది ఎనిడ్.

అదొక్కటే ఆమె కోరిక. పక్షవాతం వచ్చి కుర్చీలో కూలబడిన మొగుడు క్లిఫర్డ్‌ని, ముప్పై ఏళ్ళు తమని తిప్పిన కారులో కూర్చోబెట్టి, ఆ కొండ మీదికి ఒక్క ఆదివారం తీసుకెళ్ళాలి. ఆ కారు పేరు దొరసాని. పేరు పెట్టింది ఆయనే. ఉన్నవి రెండే సీట్లు కాబట్టి ఇంకెవరినైనా నడపమనడానికి వీల్లేదు. ఆయన పక్కన ఆమే కూర్చోవాలంటే ఆమే నేర్చుకోవాలి. మరి నేర్చుకోదూ?

ఎనిడ్ పదిహేనో ఏట తివాచీల మిల్లులో చేరింది. నేసిన తివాచీని వెలుతురులో పరిచి, తప్పిపోయిన పోగుల్ని వేలి కొసలతో తడిమి పట్టుకుని, తప్పు జరిగినట్టే తెలియకుండా సూదితో సరిచెయ్యడం ఆమె పని. కళ్ళు మూసుకుని కూడా తప్పు పట్టగలదని మిల్లులో పేరు. ఇరవై అయిదో ఏట క్లిఫర్డ్‌ని పెళ్ళాడింది. ఆయన పురపాలక ఆఫీసులో నీటి పన్ను కౌంటరు దగ్గర గుమాస్తా. నెమ్మదస్తుడు, తాగుబోతు కాదు, తిరుగుబోతు కాదు. పిల్లలు కలగలేదు. దాని గురించి ఇద్దరూ ఒక్కసారి మాట్లాడుకున్నారు, ఆ తర్వాత మాట్లాడుకోలేదు.

పంతొమ్మిదివందల అరవై ఒకటిలో క్లిఫర్డ్ ఓ ముసలి డాక్టరు దగ్గర దొరసానిని కొన్నాడు. ఆకుపచ్చ రంగు, గుడ్డ టాపు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కూర్చున్నవాళ్ళకి తెలుస్తుంది దాని సంగతి. కిటికీలకి అద్దాలు లేవు, ప్లాస్టిక్ తెరలు తగిలించుకోవాలి. వాటికీ టాపుకీ మధ్య నాలుగు వేళ్ళ సందు. వాన పడితే టాపు మూల నుంచి చుక్క జారి సరిగ్గా ఎనిడ్ ఎడమ మోకాలి మీదే పడేది. గేరు కర్ర మొదట్లోంచి గాలి ఈల వేసుకుంటూ వచ్చేది. ముందు పలక మీద హీటరు మీట ఒకటి ఉండేది. మొదటి చలికాలంలో ఎనిడ్ దాన్ని తిప్పి చూసింది. చల్లగాలి మొహాన కొట్టింది.

"అది పనిచెయ్యదు. ఈ బళ్ళలో హీటర్లన్నీ అలంకారానికే," అన్నాడు క్లిఫర్డ్.

ఆమె నమ్మింది. ఎందుకు నమ్మదు? ఇలాంటి బళ్ళున్న మగాళ్ళంతా ఒక క్లబ్బు పెట్టుకుని, వణకడమే వీరత్వమన్నట్టు మీసాలు తిప్పుకునేవాళ్ళు. "వెచ్చగా పోవాలంటే బస్సుంది కదమ్మా!" అని పెళ్ళాల్ని ఎగతాళి చేసేవాళ్ళు. పెళ్ళాలు నవ్వేవాళ్ళు. ఆ నవ్వే వాళ్ళ కొంప ముంచింది.

ఎనిడ్ తన ఏర్పాట్లు తను చేసుకుంది. రెండు స్వెట్టర్లు, పైన పెద్ద కోటు, కోటు లోపల రొమ్ముకి రెండు మడతలు, వీపుకి ఒక మడత వార్తాపత్రిక. ఒళ్ళో వేడినీళ్ళు నింపిన రబ్బరు సంచి. అది దారిలో హాగ్లీ ఊరు దాటేలోపే చల్లారిపోయేది. బయల్దేరే ముందు క్లిఫర్డ్ ప్రతి ఆదివారం బానెట్ ఎత్తి లోపలికి వంగేవాడు. "నూనె చూస్తున్నా," అనేవాడు. ఎంత జాగ్రత్త గల మనిషో అని ఎనిడ్ మురిసిపోయేది. గురువారం రాత్రిళ్ళు మాత్రం ఆయన ఒక్కడే క్లబ్బుకి వెళ్ళేవాడు. నడి జనవరిలో కూడా కోటు చేతి మీద వేసుకుని, బుగ్గలు ఎర్రగా కందిపోయి ఇంటికొచ్చేవాడు. బీరు పుణ్యం అనుకునేది.

అంత చలి పడుతూ ఎందుకు వెళ్ళడం అంటారా? వారంలో ఆరు రోజులు క్లిఫర్డ్ ఇంటికొచ్చి, తిని, పేపరు అడ్డం పెట్టుకుని, పడుకునేవాడు. ఆదివారం ఆ రెండు గంటలే భుజానికి భుజం తగిలేది. ఇరుకు కారు కదా, తగలక చావదు. ఆ తగలడం కోసం వెళ్ళేది. దానికి తోడు, తను వెళ్ళకపోతే పాపం ఒంటరిగా పోతాడే అన్న బెంగ ఒకటి. దారి పొడుగునా కబుర్లు చెప్పేది. మిల్లు సంగతులు, ఆలివ్ పిల్లి సంగతులు, రోడ్డు పక్క కనబడిన ప్రతి గొర్రె సంగతి. ఆయన "ఊఁ" అనేవాడు.

నలభై దాటాక వేళ్ళు పాలిపోవడం మొదలైంది. చలి తగిలితే చాలు, కొవ్వొత్తుల్లా తెల్లబడి మొద్దుబారిపోయేవి. చలిలోకి పోవద్దమ్మా అని డాక్టరు గట్టిగానే చెప్పాడు. ఆ మాట క్లిఫర్డ్‌కి చెప్పింది.

"అయితే ఆదివారాలు మానెయ్యి మరి," అన్నాడు ఆయన, పేపరు దించకుండా.

నాకోసం తన సరదా చంపుకుంటున్నాడు వెర్రి మనిషి అనుకుంది ఎనిడ్. గుండె కరిగిపోయింది. "నువ్వొక్కడివే ఎలా వెళ్తావ్, నేనుండగా?" అంది. ఆయన పేపరు పేజీ తిప్పాడు.

యాభయ్యో ఏట ఒకరోజు మిల్లులో వేలికి సూది గుచ్చుకుంటే ఆమెకి తెలియనే లేదు. మీగడరంగు తివాచీ మీద నెత్తురు మరక పడ్డాక చూసుకుంది. ముప్పై అయిదేళ్ళు ఆ పని చేసిన చెయ్యి. సూపర్‌వైజరు మంచివాడే, తిట్టలేదు. మర్నాటినుంచి క్యాంటీన్లో టీ పొయ్యమన్నాడు. ఇంటికొచ్చి చెబితే క్లిఫర్డ్ "అయ్యో" అన్నాడు. ఆ ఆదివారం కూడా బానెట్ ఎత్తి నూనె చూశాడు.

తొంభై రెండు నవంబరులో ఆయనకి పక్షవాతం వచ్చింది. ఎడమ కాలూ ఎడమ చెయ్యీ పోయాయి. మాట నిదానించింది గానీ స్పష్టంగానే ఉంది. కిటికీ పక్కన, గ్యాసు మంట ఎదురుగా కుర్చీ వేయించుకుని, గ్యారేజీ తలుపు వైపే చూస్తూ కూర్చునేవాడు. ఆ చూపు చూడలేకే ఎనిడ్ డ్రైవింగ్‌కి నడుం కట్టింది. మొదటిసారి పరీక్షలో గోడకి గుద్దింది. రెండోసారి భయపడి అసలు కదల్లేదు. మూడోసారి గట్టెక్కింది. లైసెన్సు చూపిస్తే క్లిఫర్డ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "హమ్మయ్య" అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆమె ఆ రాత్రంతా పొంగిపోయింది.

పధ్నాలుగు నెలలు మూలపడ్డ దొరసానిని రాన్ యాప్ షెడ్డుకి పంపించారు. యాప్ మొదటినుంచీ ఆ బండి మెకానిక్కు. జనవరిలో ఒక శనివారం ఎనిడ్ తీసుకోవడానికి వెళ్ళింది.

"బ్రేకులు చూశాను, టైర్లు మార్చాను," అన్నాడు యాప్ చేతులు తుడుచుకుంటూ. "చలికాలం కదమ్మా, కుళాయి కూడా తెరిచి పెట్టా. రేపు సారు గారికి వెచ్చగా ఉంటుంది."

"ఏ కుళాయి?"

యాప్ బానెట్ ఎత్తాడు. ఇంజను వెనక వైపు బొటనవేలంత ఇత్తడి కుళాయి. "ఇంజనులో కాగిన నీళ్ళు ఇందులోంచే హీటరుకి పోతాయి. ఇది మూసుంటే లోపల ఎన్ని మీటలు తిప్పినా చల్లగాలే. అందరూ అక్టోబరులో తెరిచి మే నెలలో మూస్తారు. ఏడాదికి రెండుసార్లు. మీవారిది మరీ చాదస్తమమ్మా, వారం వారం తిప్పేవాడు! తిప్పీ తిప్పీ అరగదీస్తే తొంభైలో నేనే కొత్తది వేశా. 'అర్జెంటు యాప్, గురువారం లోపు కావాలి, గడ్డకట్టి చస్తున్నా' అన్నాడు." యాప్ పకపకా నవ్వాడు. "మీకు చెప్పలా?"

"చెప్పాడు చెప్పాడు. నేనే మర్చిపోయా," అంది ఎనిడ్.

కడుపులో కత్తి దిగినా "పర్లేదండీ" అనే జాతి అది. ఆమె యాప్‌కి థాంక్స్ చెప్పింది, వాళ్ళావిడ నడుం నొప్పి ఎలా ఉందని కూడా అడిగింది.

ఇంటికి నాలుగు మైళ్ళు. మొదటి మైలు దాటేసరికి కాళ్ళ దగ్గర వెచ్చటి గాలి మొదలైంది. రెండో మైలుకి మోకాళ్ళ దాకా పాకింది. ఇంటి ముందు బండి ఆపి, ఇంజను ఆపకుండా, గ్లవ్స్ తీసేసి వేళ్ళు ఆ గాలికి పెట్టింది. పావుగంటలో పది వేళ్ళూ గులాబీరంగుకి వచ్చాయి.

లోపలికి వచ్చి కోటు విప్పకుండానే ఆయన ఎదుట నిలబడింది.

"హీటరు పనిచేస్తోంది, క్లిఫ్."

క్లిఫర్డ్ గ్యాసు మంట వైపు చూశాడు. "యాప్ చెప్పాడా?"

"చెప్పాడు. గురువారాల సంగతి కూడా చెప్పాడు. ఆదివారం నూనె సంగతి నాకే తెలిసింది."

ఆయన కుడిచెయ్యి రగ్గు అంచుని నలిపింది. "వారమంతా కౌంటరు దగ్గర జనం వాగుడు, ఎనిడ్. చెవులు దిమ్మెక్కిపోయేవి. ఆదివారం రెండు గంటలు... ఒక్కణ్ణే, నోరెత్తకుండా పోదామనుకునేవాణ్ణి. చలేస్తే నువ్వే రావడం మానేస్తావనుకున్నా. ఒక చలికాలం, మహా అయితే రెండు. నువ్వు మానలేదు."

"నోటితో చెప్పొచ్చుగా, రావద్దని?"

"చెబితే నువ్వు బాధపడతావని."

ఎనిడ్‌కి నవ్వొచ్చింది. పాడు నవ్వు, ఆపుకుంటే ఆగలేదు. తెల్లబడ్డ వేళ్ళు, తివాచీ మీద నెత్తురు, క్యాంటీన్లో టీ కెటిలు. తను బాధపడుతుందనట!

"నేనూ వణికాను కదా నీతోపాటు," అన్నాడు క్లిఫర్డ్, న్యాయం అడుగుతున్నట్టు.

"నేనెందుకు అంత వాగేదాన్నో తెలుసా నీకు? పళ్ళు టకటకా కొట్టుకునేవి. ఆ చప్పుడు వింటే నువ్వు బాధపడి తిరుగుమొహం పడతావని, అది వినబడకుండా మాట్లాడేదాన్ని."

ఆ రాత్రి ఆమె సూపు కాచి ఆయనకి తాగించింది, మూతి తుడిచింది, పడుకోబెట్టింది. ఏ పనీ తక్కువ చెయ్యలేదు.

మర్నాడు ఆదివారం. క్లిఫర్డ్ పదింటికే ఒంటిచేత్తో గడ్డం గీసుకుని, టోపీ పెట్టుకుని, మెడకి మఫ్లర్ చుట్టుకుని కుర్చీలో తయారుగా ఉన్నాడు. ఒక్కడే వెళ్ళే యోగం ఇక ఎలాగూ లేదు. ఇప్పుడు ఆమె కావాలి.

"పోదామా మరి?" అన్నాడు.

ఎనిడ్ గళ్ళ రగ్గు తెచ్చి ఆయన మోకాళ్ళ మీద కప్పింది. వేడినీళ్ళ సంచి నింపి ఒళ్ళో పెట్టింది. గ్యాసు మంట కొంచెం పెద్దది చేసింది.

"నీకు చలేస్తుంది, క్లిఫ్. ఇంట్లో ఉండు."

ఆయన "ఎనిడ్" అన్నాడు. వెనక్కి తిరగలేదామె. బయటికెళ్ళి, కిటికీలోంచి ఆయనకి బాగా కనబడేట్టు బానెట్ ఎత్తి, లోపలికి వంగి, నిమ్మళంగా నూనె చూసింది. కుళాయి తెరిచే ఉంది. బానెట్ దించి బయల్దేరింది.

హాగ్లీ దాటింది. క్లెంట్ కింద పొలాలన్నీ మంచు పట్టి ఉన్నాయి. కొండ మీద ఎప్పుడూ ఆపే చోటే ఆపింది. చెమట పడుతున్నట్టనిపించి కోటు గుండీలు విప్పింది. చలికాలంలో దొరసానిలో అలా విప్పడం అదే మొదలు. లోపల వార్తాపత్రిక ఉంది. ముందు రెండు మడతలు, వెనక ఒకటి. పొద్దున అలవాటుగా చేతులే పెట్టేశాయి. ఒక్కొక్కటే లాగి పక్క సీట్లో పడేసింది. పక్క సీట్లో కూర్చున్నంత కాలం దాన్ని పైనుంచి ఎప్పుడూ చూడలేదు. టాపు మూల చుక్క పడి పడి, ఎడమ అంచున తోలు గుండ్రంగా నల్లబడి ఉంది.

అప్పుడు తట్టింది ఆమెకి. ఇంటి దగ్గర్నుంచి కొండ దాకా తను ఒక్క ముక్క మాట్లాడలేదు. పక్కన మనిషి లేడనేనా? కాదు. ఇంట్లో ఒక్కతే ఉన్నా గోడలతో మాట్లాడే మనిషి. ఒళ్ళు వెచ్చగా ఉంది, పళ్ళు ఊరుకున్నాయి, మాటతో పనిలేకపోయింది.

ఆ కుళాయి తెరిచి ఉంటే క్లిఫర్డ్‌కి కావలసిన నిశ్శబ్దం మొదటి ఆదివారమే దొరికేది. ఆమె భుజం కూడా పక్కనే ఉండేది. వేళ్ళూ ఉండేవి.

ఎనిడ్ స్టీరింగు మీద తల పెట్టుకుని, వినడానికి ఎవరూ లేరు కాబట్టి, గొంతెత్తి ఏడ్చింది. హీటరు మాత్రం ఆపలేదు.