చెప్పులు విడిచిన గైడు

1999లో నాకు అన్నం పెట్టింది రెండంకెలు. కంప్యూటర్లలో సంవత్సరాన్ని రెండంకెలతోనే రాసి పెట్టారు కాబట్టి, 2000 రాగానే అవి 1900 అనుకుంటాయేమోనని లోకమంతా హడలిపోయింది. ఆ భయం పుణ్యమా అని కాకినాడ నిస్సార్ అహ్మద్ అనే నేనూ, రాజమండ్రి ద్వారకానాథ్ బావగారూ, ఆస్ట్రేలియాలో మర్రీ నది ఒడ్డున ఎచూకా అనే ఊళ్లో తేలాం. ఒక పాలపొడి కంపెనీ ప్రోగ్రాముల్లో తేదీలు దిద్దడం మా పని. మాకు 1900 అంటే గుండెదడ, ఆ ఊరికి అదే బతుకుతెరువు. పాత చెక్క రేవూ, కట్టెలు మండించి నడిపే ఆవిరి పడవలూ చూడ్డానికి మెల్‌బోర్న్ నుంచి జనం కార్లేసుకుని వచ్చేవారు.

ఈ కథ బావగారిది కాదు, ఆయన భార్య చాముండేశ్వరక్కది. నేను ఒంటరివాణ్ణి, వారానికి నాలుగు రాత్రులు ఆవిడ చేతి అన్నమే తినేవాణ్ణి. నా కోసం హలాల్ మాంసం మెల్‌బోర్న్ నుంచి తెప్పించి మరీ వండేది. గోదావరి లాంచీ నడిపిన సరంగు కూతురు. హైస్కూల్లో పదకొండేళ్లు సోషలు చెప్పింది. ఇక్కడికొచ్చి రెండేళ్లయినా, ఎండ గురించీ వాన గురించీ తప్ప ఆవిడతో ఊరివాళ్లు మాట్లాడింది లేదు.

"క్లాసులో నలభై మంది కదలకుండా నా మాట వినేవారు తమ్ముడూ. ఇక్కడ మీ బావ కూడా వినడు," అనేది.

బావగారు పక్కనే క్రికెట్ చూస్తున్నారు. ఆ మాటా వినలేదు.

రేవు దగ్గర ఊరి చరిత్ర చెప్పే వాలంటీర్ల సంఘం ఒకటుంది. అక్క ప్రతి బుధవారం అక్కడికి పోయి కూర్చోవడం మొదలుపెట్టింది. నది ఎండిపోయి పడవ నెలల తరబడి ఇసుకలో ఇరుక్కుంటే, దాని కెప్టెన్ పక్కనే వంగతోట వేశాడట. జీతం బదులు గొర్రెలు పుచ్చుకున్న వంటవాడొకడు ఉండేవాడట. నిజమో అబద్ధమో, అన్నీ నోటికి పట్టేసింది. సంఘం పెద్ద బెరిల్ అనే డెబ్బై ఏళ్ల ఆవిడ. మనిషి కొబ్బరికాయ లాంటిది, పైన ఎక్కడా మెత్తదనం కనపడదు. ఒక ఆదివారం పడవలో గైడుగా చేసి చూపించమంది. బాగుంటే బ్యాడ్జి ఇస్తుంది, లేకపోతే లేదు.

"సండే నా ట్రయల్. నువ్వు రావాలి. మీ బావొస్తే బోటెక్కగానే నిద్రోతాడు," అంది అక్క. ఆ వారమంతా పప్పులో ఉప్పు మరిచిపోయింది. ఆ బ్యాడ్జి కోసం ఆవిడ ఎంత ఆరాటపడుతోందో అప్పుడు తెలిసింది నాకు.

ఆదివారం రానే వచ్చింది. ఇరవై ఆరు మంది జనం. అందరికంటే ముందు నడిచిన అక్క, పడవెక్కే పలక దగ్గర ఆగి చెప్పులు విడిచి, వట్టికాళ్లతో లోపలికి వెళ్లిపోయింది. వాళ్ల నాన్న పడవ మీద చెప్పుకాలు పెట్టనిచ్చేవాడు కాదు. అలవాటు పడిన ప్రాణం, తను ఏం చేసిందో తనకే తెలియదు. ఆవిడ వెనకున్న ముసలి దంపతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాత చెక్క పాడవుతుందని కాబోలు అనుకుని బూట్లు విప్పారు. వాళ్లను చూసి ఆ వెనకవాళ్లు, వాళ్లను చూసి ఇంకొకళ్లు. గొర్రెదాటు అంటే అదే. నాకైతే మసీదు గుమ్మం దగ్గర చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటే కాబట్టి అనుమానమే రాలేదు. పడవ కదిలింది. రేవులో ఇరవై ఎనిమిది జతలు మిగిలాయి.

అక్క చెబుతుంటే ఒక్కరు కదిలితే ఒట్టు. వంగతోట దగ్గర పగలబడి నవ్వారు. తర్వాత అందరినీ బాయిలరు చూపించడానికి తీసుకెళ్లింది. అక్కడ నేలంతా కాలిపోతున్న ఇనపరేకు. జనం ఒక్కసారిగా గెంతడం మొదలెట్టారు. అప్పుడు కిందికి చూసింది అక్క. మొహంలో నెత్తురుచుక్క లేదు. అందరినీ వెనక్కి తోలి, బెంచీల మీద కూర్చోబెట్టింది. ఒకాయన పాదంలో చెక్కపేడు దిగితే, గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి, దాంతో పేడు లాగేసి, మిగతా కథ పూర్తి చేసింది.

తిరిగొచ్చేసరికి బూట్ల గుట్ట పక్కన బెరిల్ నిలబడి ఉంది.

"ఎవరు విప్పమన్నారు?"

"మీ రూలు కదా?" అన్నారు జనం. అక్క ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు.

"నేనే. అలవాటు. మా నాన్న సరంగు, పడవంటే ఆయనకు దేవుడి గది."

జనం వంగతోట కథ మళ్లీ చెప్పుకుని నవ్వుతూ ఎవరి బూట్లు వాళ్లు వెతుక్కుంటుంటే, బెరిల్ అక్కను బెంచీ మీద కూర్చోబెట్టింది. నేను పక్కనే నిలబడ్డాను, బ్యాడ్జి పోయినట్టే అనుకుంటూ.

"మా నాన్న ఈ పడవలోనే బాయిలరుకు కట్టెలు వేసేవాడు," అంది బెరిల్ చిన్న గొంతుతో. "బూట్లు కొనే స్తోమత లేదు. ఒకరోజు నిప్పు జారి పాదం మీద పడింది. చచ్చేదాకా కుంటుతూనే నడిచాడు. పడవలో బూట్లుండాలన్న రూలు పెట్టించింది నేనే."

అక్క తన వట్టి పాదాల వైపు చూసుకుంది.

"మా నాన్న విప్పమన్నాడు, మీ నాన్న వేసుకోమంటున్నాడు," అంది. "పడవ మీ నాన్నది. ఆయన మాటే వింటాను."

బెరిల్ నవ్వగా చూడటం నాకదే మొదలు. "వచ్చే ఆదివారం పది గంటలకు," అంది.

ఆ తర్వాతి ఆదివారం కూడా నేను వెళ్లాను. అక్క బ్యాడ్జి పెట్టుకుని, నల్లటి తోలు బూట్లు వేసుకుని వచ్చింది, చీర కింద అవి పోలీసు బూట్లలా ఉన్నాయి. పలక దగ్గరికి రాగానే కాలు ఆగింది. వెనక ముప్పై మంది ఆగారు. అక్క వంగి, పడవ అంచును చేత్తో తాకి కళ్లకద్దుకుని, బూటుకాలు లోపల పెట్టింది.

వెనకున్న పెద్దాయన కూడా వంగి, పడవను తాకి కళ్లకద్దుకున్నాడు. ఆయన వెనకావిడా అంతే. ఒడ్డున నిలబడ్డ బెరిల్ వైపు చూశాను. దీనికి అడ్డుచెప్పే రూలేదీ లేదు కాబట్టి, ముప్పై మందీ అలా తాకి ఎక్కేదాకా ఆవిడ పడవ బయల్దేరనివ్వలేదు.