కుస్తీ కార్డుల ఉమ్మడి కట్ట

మొన్న ఆదివారం మా తమ్ముడి కొడుకు తన కార్డుల పెట్టె తెచ్చి నా మంచం మీద పరిచాడు. వాడితో ఆడవలసిన స్నేహితుడికి జ్వరమట, అందుకని అత్తను పట్టుకున్నాడు. ఒక్కో కార్డుకూ ఒక ప్లాస్టిక్ తొడుగు, వాటన్నిటికీ ఒక పెట్టె, ఆటకో నియమాల పుస్తకం. ఊరికే సరదాకి ఆడదాం, పోటీ ఏమీ కాదని ముందే హామీ కూడా ఇచ్చాడు. వారమంతా నాంపల్లి కోర్టు మెట్లు ఎక్కి దిగి, టైపు చేసి చేసి మెడ పట్టేసిన మనిషిని. కళ్ళజోడు సవరించుకుంటూ పావుగంట విన్నాను గానీ, ఏ రాక్షసుడు ఏ రాక్షసుణ్ణి ఎప్పుడు కొట్టవచ్చో నా బుర్రకెక్కలేదు. నా వల్ల కాదు నాయనా అని వెనక్కి వాలాను. వాడేమీ అనుకోలేదు, రెండు వైపులా తనే ఆడుకోవడం మొదలుపెట్టాడు. వాణ్ణి చూస్తూ పడుకున్నవేళ, ఇన్నేళ్ళుగా అణిచిపెట్టుకున్న ఒక సంగతి లేచి కూర్చుంది. ఒళ్ళు అలసినప్పుడే పాత తప్పులు గుర్తొస్తాయి కాబోలు.

తొంభైల మొదట్లో మేము నాంపల్లి స్టేషన్ వెనక ఒక సందులో, రెండు పోర్షన్ల పాత ఇంట్లో ఉండేవాళ్ళం. ఒక పోర్షన్‌లో అమ్మానాన్నలు, నేను, తమ్ముడు, మెదక్ నుంచి వచ్చిపోతుండే నాయనమ్మ. రెండోదాంట్లో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఎన్నడో స్థిరపడిపోయిన కుటుంబం. ఆ ఇంటి పిన్నిగారికి ఒక్కడే కొడుకు, నా ఈడువాడు. ఇంట్లో తల్లితో కృష్ణా జిల్లా మాట, గుమ్మం దాటితే మాతో గల్లీ మాట మాట్లాడేవాడు, ఒక్కసారి కూడా తడబడేవాడు కాదు. కొళాయి, నీళ్ళు కాచుకునే బాయిలరు, పెరడు రెండిళ్ళకూ ఉమ్మడి. పిల్లలం ముగ్గురం కూడా ఉమ్మడే, ఎవరింట్లో ఆకలేస్తే ఆ ఇంట్లో తినేవాళ్ళం.

ఆ రోజుల్లో కుస్తీ వీరుల కార్డుల పిచ్చి ఎలా ఉండేదో మా తరంవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. కండలు తిరిగిన ఒక మనిషి బొమ్మ, కింద అతని ఎత్తు, బరువు, ఛాతీ, గెలిచిన కుస్తీలు, ర్యాంకు. కొత్త కట్ట కొనే స్తోమత మాకు లేదు. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక నాన్న ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే, నేనూ తమ్ముడూ ఆ కుప్పల్లో విడి కార్డులు వెతుక్కునేవాళ్ళం. పక్కింటివాడు తన వంతుగా బళ్ళో మార్చుకుని తెచ్చేవాడు. ఎన్ని తెచ్చినా కట్ట పూర్తి కాలేదు. అందుకని ముగ్గురివీ కలిపి ఒకే కట్ట చేశాం. లేని వీరులను పాత పెళ్ళిపత్రికల అట్ట మీద మేమే గీసుకుని, తోచిన బరువు రాసుకున్నాం. మా తమ్ముడు గీసిన ఒకడికి మెడే లేదు గానీ ఛాతీలో వాణ్ణి కొట్టినవాడు లేడు.

ఎన్ని రకాలుగా ఆడామో. పంచుకుని, ఒకరు బరువు అంటే అందరూ పైకార్డు బరువు చదవడం, ఎక్కువున్నవాళ్ళు గెలవడం అసలు ఆట. దానికి విసుగొస్తే మెట్ల మీద కార్డు బోర్లా పెట్టి, అరచేయి గుంట చేసి కొట్టి వెల్లకిలా పడేయడం. అదీ విసుగొస్తే గోడకేసి విసిరి ఎవరిది దగ్గరగా పడిందో చూడడం. కరెంటు పోతే బరువు చెప్పి వీరుడెవడో చెప్పమనడం. కట్ట ఉమ్మడిది కనుక ఎవరు గెలిచినా కార్డులన్నీ తిరిగి సబ్బు డబ్బాలోకే. అంతా ఉత్తుత్తి ఆట. బడి పిల్లలు గెలిచిన కార్డు గెలిచినవాడికే అనే లెక్కన ఆడేవాళ్ళు, గెలిస్తే ఏమొస్తది మరి అని మమ్మల్ని ఎగతాళి చేసేవాళ్ళు. మాకు మాత్రం ఒక్కటే గట్టి కట్టుబాటు: డబ్బా వారానికొకరి దగ్గర ఉండాలి, ఎవరి వారంలో వాళ్ళే దానికి పూచీ.

నా వారంలోనే అది నాయనమ్మ కంట పడింది. మెదక్ దగ్గర పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పిన బైబిల్ ఉమన్ మా నాయనమ్మ. ఆమె తండ్రి పేకాటలో అరక ఎడ్లను పోగొట్టిన మనిషి. అంకెలున్న అట్టముక్కలు కట్టగా కనిపించేసరికి ఆమెకు వేరే ఆలోచనే రాలేదు.

"ఏంది బిడ్డా గివి? దేవుని ఇంట్ల పేక ముక్కలు పెడతరా? గీ బట్టల్లేని మొగోళ్ళ బొమ్మలేంది?"

ఇది పేక కాదని నేను చెప్పేలోపే ఆమె డబ్బా తీసుకెళ్ళి, మండుతున్న బాయిలర్లో బోర్లించి వచ్చింది. తర్వాత నన్ను మోకాళ్ళ మీద కూర్చోబెట్టి ప్రార్థన చేసింది, మీ నాయనకు చెప్పను, నువ్వూ ఎవ్వరికీ చెప్పకు అని తల నిమిరింది. నన్ను పెద్ద పాపం నుంచి, పెద్ద దెబ్బల నుంచీ తప్పించానని ఆమె సంబరం. మర్నాడే మెదక్ వెళ్ళిపోయింది.

డబ్బా ఏదని తమ్ముడు అడిగినప్పుడు నిజం చెప్పి ఉండవచ్చు. చెబితే నాయనమ్మను చూసి గల్లీ అంతా నవ్వుతుందని, కుస్తీ కార్డులకూ పేకకూ తేడా తెలియని ఇల్లని బళ్ళో పాట కడతారని సిగ్గుపడ్డాను. పెరటి గోడ మీద పెట్టాను, మళ్ళీ చూస్తే లేదు అనేశాను. పెరట్లోకి వచ్చేది రెండిళ్ళవాళ్ళే. తమ్ముడు తిన్నగా పిన్నిగారి దగ్గరకు వెళ్ళి, డబ్బా మీవాడే తీశాడని చెప్పాడు.

ఆవిడ కొడుకు పెట్టె బోర్లించింది, పుస్తకాల అట్టలు విప్పింది, ఏమీ దొరకకపోయినా పెరట్లో మా ఎదుటే వాడి వీపు మీద నాలుగు వేసింది. వాడు తను తీయలేదని తప్ప ఇంకో మాట అనలేదు, నావైపు చూడనూ లేదు. నేను తేలు కుట్టిన దొంగలా కొళాయి పక్కన నిలబడ్డాను. సాయంత్రం ఆవిడ ఆబిడ్స్ వెళ్ళి, వాళ్ళబ్బాయికి ఎన్నడూ కొనిపెట్టని కొత్త కట్ట కొని తెచ్చి, మొహం దించుకుని తమ్ముడి చేతిలో పెట్టింది. పరాయి వస్తువు తీసిన ఇల్లు అనిపించుకోలేమమ్మా అని అమ్మతో అంటూ కళ్ళు తుడుచుకుంది. ఒక్క కార్డూ తక్కువ కాని కట్ట మాకు అదే మొదటిది. నాలుగు రోజులు ఆడి మానేశాం. పక్కింటివాడు వస్తే తమ్ముడు కార్డులు లెక్కపెట్టి గానీ ఇంటికి పంపేవాడు కాదు. వాడు రావడం తగ్గించాడు, ఆపైన మానుకున్నాడు. ఆ తర్వాత నాలుగేళ్ళు వాళ్ళు అదే గోడ అవతల ఉండి, కూకట్‌పల్లి వెళ్ళిపోయారు.

రెండు వేల సంవత్సరం దాటాక, నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, కోర్టు చలానా కట్టడానికి గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకుకు వెళితే లైన్లో వెనకనుంచి ఆ పక్కింటివాడే పలకరించాడు. పని అయ్యాక ఇద్దరం చాయ్ తాగాం. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని ఆ డబ్బా మాట ఎత్తాను. వాడు పూర్తి చేయనివ్వలేదు.

"నాయనమ్మ బాయిలర్ల ఏసింది గదా, నాకెరికే. తెల్లారి బూడిద ఎత్తింది నేనే. మెడ లేనోడు సగం కాలి దొరికిండు."

మరి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే మీ తమ్ముడు ముసలామెతోని కొట్లాడేటోడు, గల్లీల అందరు నవ్వేటోళ్ళు. ఉత్తుత్తి ఆటకు గంత లొల్లి ఎందుకని ఊకున్న." చాయ్ కప్పు పక్కన పెట్టి అన్నాడు: "అమ్మకు గూడ నేను తీయలేదన్న, గంతే. నమ్మలే. పోయిందాక నమ్మలే. ఆమె పోయి ఏడాదైంది."

నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆ తర్వాత మళ్ళీ కలవలేదు.

ఆ సందులో ఇప్పుడు ఇల్లు లేదు, ఒక లాడ్జి ఉంది. పిల్లలకు ఎవరి కార్డులు వాళ్ళవి, ఎవరి పెట్టె వాళ్ళది. ఏదైనా పోతే పక్కవాణ్ణి అనుమానించే పని లేదు, పక్కవాణ్ణి నమ్మే పని కూడా లేదు. ఇదే సుఖమేమో, నాకు తెలియదు. కొళాయి కలిసి ఉన్న ఇళ్ళలో నమ్మకం ఊరికే దొరికేది, దొరికింది కనుకే అంత తేలిగ్గా పాడు చేశాను. నాలుగేళ్ళు ఆవిడ వంటింట్లో పీట వేసుకుని కూర్చుని, ఆవిడ కలిపి పెట్టిన చారన్నం తిన్నాను. ఆ నాలుగేళ్ళలో ఏ ఒక్క పూట నోరు విప్పినా, పిన్నిగారు తన కొడుకును దొంగ అనుకుంటూ పోయేది కాదు.