గెడ్డ దాటించిన కథ

తొలి వాన పడి కాఫీ తోటలు పూసే రోజుల్లో అనంతగిరి వైపు ఏ బడికి వెళ్లినా, మల్లెపూలను తలపించే ఆ తెల్లపూల వాసన కిటికీలోంచి ముందుగా పలకరిస్తుంది. పిల్లల చేత కథలూ కవితలూ రాయించడానికి నేనిప్పుడు బడి బడికీ తిరుగుతున్నాను. ఒక వాక్యమిచ్చి కథ సాగించమంటాను, కళ్లు మూసుకుని విన్న చప్పుళ్లతో కవిత కట్టమంటాను. 'తెలిసిన కథకు ముగింపు మార్చండి' అనే అభ్యాసం మాత్రం నా నోట రాదు.

దాన్ని నేను మొదట విన్నది మా ఆశ్రమ పాఠశాలలో. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన తెలుగు టీచరమ్మ, శనివారం మధ్యాహ్నాలు మమ్మల్ని పనసచెట్టు కిందికి తీసుకెళ్లి, అరచేతుల్లో తడిమట్టో, పిట్ట ఈకో, వలిసె పూలో పెట్టి, వాసన చూసి, తడిమి, తోచింది రాయమనేది. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాషగా బతికే మాకు, అంబలి పులుపూ, సామలు దంచే రోకలి చప్పుడూ, పండగపూట కొండ మీంచి దిగివచ్చే డప్పుల మోతా తెలుగు అక్షరాల్లో ఒదుగుతాయని అప్పుడే తెలిసింది.

నా పక్క చాప గురుబారిది. అంతకుముందు వానాకాలంలో వాళ్లమ్మకు నొప్పులొస్తే, కర్రకు దుప్పటి కట్టి, డోలీలో మోసుకుంటూ రోడ్డుకు బయల్దేరారు. కర్ర ముందు కొస వాళ్లయ్య భుజం మీద ఉంది. అమ్మ తడవకుండా ఆకుల గొడుగు పట్టుకుని గురుబారి పక్కన పరిగెత్తింది. దారిలో గెడ్డ, అదే కొండవాగు, పొంగింది. వాళ్లయ్య డోలీని గట్టున దించాడు. నీళ్లు తగ్గుతాయని ఎదురుచూస్తుండగానే కడుపులో బిడ్డతో సహా ఆమె ప్రాణం పోయింది.

ముగింపు మార్చమన్న రోజు మేమంతా నక్కకూ కాకికీ కొత్త ముగింపులు రాశాం. గురుబారి వాళ్లమ్మ గురించి రాసింది. 'నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. నడుం దాకా వచ్చాయి. మా అయ్య ఆగలేదు. ఆసుపత్రిలో నాకు చెల్లి పుట్టింది.' టీచరమ్మ దాన్ని అందరికీ పైకి చదివి వినిపించింది.

"ఎంత బాగా రాసినావే గుంటా!"

"రాస్తే మారిపోద్దా టీచరమ్మా?" అంది గురుబారి. టీచరమ్మ దాని తల నిమిరింది.

కొత్త మామిడికాయ తినే పండక్కి ఇంటికెళ్లి, గురుబారి ఆ కథ వాళ్లయ్యకు చదివి వినిపించింది. పండగ అయిన వెంటనే ఆయన బడికొచ్చి వరండా మెట్ల దగ్గరే నిలబడ్డాడు. అరుస్తాడేమోనని మేం బిక్కచచ్చిపోయాం. ఆయన అరవలేదు.

"మా అయ్య ఆగలేదని సదివింది టీచరమ్మా. నేను ఆగినాను. ఆగకపోతే మోసినోళ్లందరం కొట్టుకుపోదుము. ఆ మాట ఎవులు రాస్తారు?"

టీచరమ్మ చేతులు జోడించింది. "దాని తప్పేటీ లేదన్నా. నేనే మార్చి రాయమన్నాను."

ఆయన కూతురి వైపు తిరిగాడు. "నువ్వు సెప్పు. ఆగకుండా ఉండాల్సిందా?"

గురుబారి కాలి బొటనవేలితో నేల గీరుతూ నిలబడింది. ఆయన భుజం మీది తువ్వాలు సర్దుకుని కొండ దిగిపోయాడు.

ఆ తర్వాత శనివారాలు పనసచెట్టు కింద ఎవరూ కూర్చోలేదు. పాఠాలు తప్ప మరో మాట ఎత్తని టీచరమ్మ, బదిలీ మీద మైదానానికి వెళ్లిపోయింది. వేసవి సెలవులకు ఇంటికెళ్లిన గురుబారి మళ్లీ బడికి రాలేదు. అయ్యకు వండిపెట్టడానికి ఉండిపోయిందన్నారు.

మొన్న దాన్ని చూడ్డానికి వెళ్లాను. గెడ్డ మీద సిమెంటు వంతెన ఉంది, అంబులెన్సు గుమ్మం దాకా వస్తోంది. డోలీలు నడిచిన దారి పొదల్లో కలిసిపోయింది. ఆకుల గొడుగులు అల్లేవాళ్లు లేరు. గురుబారి వాళ్లయ్య కిందటి చలికాలంలో పోయాడు. ఆనాటి ప్రశ్నకు ఆయనకెప్పుడైనా జవాబు చెప్పావా అని అడిగాను.

గురుబారి చింతపండులోంచి గింజలు తీస్తూనే ఉంది.

"సెప్పినాను. నువ్వు ఆగడమే మంచిదయ్యా అని సానాసార్లు సెప్పినాను. ఇనీవోడు. కానీ వంతెన ఏసినాక కూడా దాని మీద కాలు పెట్టలేదు. వానాకాలంలో కూడా నీళ్లల్లోంచే దాటీవోడు."